రుణ ఘాతాంకంలో అప్పు ఎక్కడుంది?

బెల్లంపల్లి నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చిన. ఇవాళ కూడా చరిత్రే, కాకపోతే లెక్కల చరిత్ర. ముందుగా ఒక ప్రశ్న. 2⁻³ ఎంత? వీడియో పాజ్ చేసి చెప్పండి.

చాలామంది మైనస్ 8 అంటరు. జవాబు 1/8. అంటే సున్నా కంటే పెద్దదే! ప్రశ్నలో మైనస్ కనిపిస్తది, జవాబులో మాయమైతది. సరిగ్గా ఇక్కడే "నాకు లెక్కలు రావు" అని పుస్తకం మూసేసేటోళ్ళు ఎంతోమంది. నన్నడిగితే, మనల్ని సగం తికమక పెట్టేది ఆ పేరే. అది ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

628లో బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం' రాసిండు. చేతిలో ఉన్న సొమ్ము ధనం, తీర్చాల్సిన అప్పు రుణం. ఈ రెండింటినీ ఎట్ల కూడాలె, ఎట్ల గుణించాలె అని అందులో సూత్రాలు ఇచ్చిండు. దాదాపు 1400 ఏండ్లయినా మన తెలుగు మీడియం పుస్తకాల్లో ధన సంఖ్య, రుణ సంఖ్య అనే మాటలే ఉన్నయి. సంఖ్యలకైతే ఆ పేరు బాగా కుదిరింది. కానీ అదే మాటను ఘాతాంకానికి కూడా పెట్టి 'రుణ ఘాతాంకం' అన్నం. అక్కడ అప్పు లేదు, పంపకం ఉంది.

ఎట్లనో చెప్తా. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రాసిండు. మన కరీంనగర్ దిక్కు ఏలిన వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటుల సామంతులే. తర్వాత పావులూరి మల్లన ఆ పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిండు. పావులూరి గణితంలో చదరంగం లెక్క ఒకటి ఫేమస్. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇట్ల 64 గళ్ళ దాకా రెట్టింపు. మొత్తం 18446744073709551615. మన భాషలో 2⁶⁴ − 1 అన్నట్టు. కోడింగ్ చేసేటోళ్ళు ఈ నంబర్‌ని చూడగానే గుర్తుపడతరు, 64 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య ఇదే.

ఇప్పుడు ఆ మొదటి గడి దగ్గర నిలబడండి. అక్కడున్నది 1, అంటే 2⁰. కుడికి ఒక అడుగు వేస్తే రెట్టింపు. మరి పలక దాటి ఎడమకు ఒక అడుగు వేస్తే? సగం! అదే 2⁻¹. ఇంకో అడుగేస్తే పావు, అది 2⁻². మూడో అడుగుకు 1/8. మైనస్ చెప్పేది దిక్కు మాత్రమే. బాయి దిగేటోళ్ళు ఉన్న ఊరు మాది. ఎంత లోతుకు పోయినా బొగ్గు మైనస్ కాదు కదా, ఇదీ అంతే.

ఈ ఎడమ దిక్కును పట్టిక వేసి చూపించినాయన బాగ్దాద్‌లో పుట్టిన అల్ సమావల్. 12వ శతాబ్దం మధ్యలో, పందొమ్మిదేండ్ల వయసులో రాసిన పుస్తకం అది. మధ్యలో 1, ఒక పక్క ఘాతాలు, ఇంకో పక్క వాటి భాగాలు. గుణించాలంటే గళ్ళు లెక్కపెట్టుకుంటూ జరగడమే.

మరి ఒకే లెక్కలో రెండు మూడు తెలియని రాశులు ఉంటే? దానికి మనవాళ్ళు రంగులు వాడిన్రు. 1150లో భాస్కరాచార్యుడి 'బీజగణితం'లో మొదటిది యావత్తావత్తు, తర్వాత కాలకం అంటే నలుపు, నీలకం, పీతకం అంటే పసుపు. రాసేటప్పుడు మొదటి అక్షరమే: యా, కా, నీ, పీ. కూడేటప్పుడు నీలాన్ని పసుపులో కలపొద్దు. ఘాతాంకాలకు కూడా ఇదే నియమం, ఏ రంగు లెక్క ఆ రంగుదే.

యూరప్ సంగతి తొందరగా చెప్పేస్తా. 1484లో షుకే అనే ఫ్రెంచ్ ఆయన మైనస్ ఘాతాంకాలు రాసిండు, కానీ ఆ రాతప్రతి అచ్చయింది 1880లో. 1637లో దెకార్త్ ఘాతాంకాన్ని చిన్న అంకెగా పైన రాసే పద్ధతిని నిలబెట్టిండు. 1676లో న్యూటన్ ఒక ఉత్తరంలో మైనస్ ఘాతాంకాలను ఇప్పుడు మనం రాసినట్టే రాసిండు.

ఇప్పుడు లెక్క చేద్దాం.

(6 నీ⁻³ పీ²) ÷ (2 నీ² పీ⁻⁴)

ముందు అంకెలు: 6 ÷ 2 = 3. నీలం: −3 లోంచి 2 తీస్తే −5. పసుపు: 2 లోంచి −4 తీస్తే 6. అంటే 3 నీ⁻⁵ పీ⁶. నీలం 1కి ఎడమ దిక్కున ఉంది కాబట్టి కిందికి దింపండి: 3పీ⁶ ÷ నీ⁵. ఇక్కడ జాగ్రత్త! 3ను కిందికి దింపొద్దు, ఆ మైనస్ నీలానిది మాత్రమే.

నమ్మకం లేదా? నీ = 2, పీ = 1 పెట్టి చూడండి. మొదట ఇచ్చింది 6/8 ÷ 8, అంటే 3/32. మన జవాబు కూడా 3/32.

పేరు చూసి బెదరకండి, 1 దగ్గర నిలబడి ఏ దిక్కుకు ఎన్ని అడుగులో చూడండి. ఈ వారం మీకో లెక్క: (8 పీ³ కా⁻²) ÷ (4 పీ⁻¹ కా). జవాబు ఒక్కటే కాదు, ఏ రంగు ఎన్ని అడుగులు జరిగిందో కూడా కామెంట్‌లో రాయండి. ఉంటా మరి!