ఒకే అచ్చు, వేరువేరు తుపాకులు: అమెరికాలో సొంత రైఫిల్ కూర్పు, విడిభాగాల చరిత్ర

వ్యాససంగ్రహం

తన దేహానికి, అభిరుచికి తగినట్లు రైఫిల్‌ను తీర్చిదిద్దుకొని, తోటివారికి చూపి, అందులోని భాగాల గుణదోషాలను చర్చించడం అమెరికాలో చాలాకాలంగా ఉన్న ఆచారం. సైన్యం కోసం రూపొందిన ‘పరస్పరం మార్చుకోదగిన భాగాలు’ అనే పద్ధతి ఈ వ్యక్తిగత కూర్పుకు పునాది ఎలా అయింది, చట్టం దేనిని ‘తుపాకి’ అని నిర్వచించిందన్న విషయం విడిభాగాల విపణిని ఎలా మలచింది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రైఫిల్, విడిభాగాలు, మార్పిడి యోగ్యత, స్ప్రింగ్‌ఫీల్డ్, ఏఆర్-15, ఆయుధ చట్టాలు.

1. ప్రవేశిక

సైనికుని తుపాకికి ఉండవలసిన మొదటి లక్షణం పక్కవాని తుపాకితో సమానంగా ఉండడం. సొంతంగా కూర్పించుకొన్న తుపాకికి ఉండవలసిన మొదటి లక్షణం పక్కవాని తుపాకికి భిన్నంగా ఉండడం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. కాని అమెరికా చరిత్రను పరిశీలిస్తే మొదటిదే రెండవదానికి దారి వేసిందని తెలుస్తుంది. ఈ పరిణామాన్ని మూడు దశలుగా విభజించవచ్చు: పనివాని చేతి రైఫిల్, మార్చిన సైనిక రైఫిల్, భాగాలుగా కొని కూర్చిన రైఫిల్.

2. పనివాని చేతి రైఫిల్

18వ శతాబ్దంలో జర్మన్, స్విస్ వలసదారులు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పరిసరాలలో తుపాకుల దుకాణాలు పెట్టారు. తమ దేశాల పొట్టి వేట రైఫిల్‌ను అక్కడి అడవులకు అనుగుణంగా మార్చి, గొట్టాన్ని 40 అంగుళాలకు మించి పొడిగించారు. మేపుల్ కర్రతో స్టాక్ చెక్కి, దాని పక్కన ఇత్తడి మూతగల చిన్న పెట్టెను అమర్చేవారు. జేకబ్ డికర్ట్ వంటి పనివారు గొట్టంపై తమ పేరు చెక్కేవారు. యజమాని నలుగురిలో గర్వంగా చూపుకొన్నది ఆ పేరునూ, ఆ ఇత్తడి పనితనాన్నీ.

ఈ దశలో కూడా తుపాకిలోని అన్ని భాగాలూ ఒకే చేతిలో తయారు కాలేదు. నిప్పురవ్వ పుట్టించే లాక్ యంత్రాంగాన్ని చాలామంది పనివారు ఇంగ్లండు నుంచో జర్మనీ నుంచో వచ్చిన సరుకుగా కొనేవారు. అయితే కొన్న భాగాన్ని ఆకురాయితో రాచి ఆ ఒక్క తుపాకికి సరిపెట్టవలసి వచ్చేది. గొట్టాల లోపలి కొలతలు ఒకేవిధంగా ఉండవు కనుక ప్రతి రైఫిల్‌తో పాటు దానికి సరిపోయే తూటా అచ్చును కూడా ఇచ్చేవారు. ఒకదాని భాగం విరిగితే మరొకదాని భాగం పనికిరాదు. అందువల్ల ఆ కాలంలో వైవిధ్యం ఉన్నా, విడిభాగాల విపణి ఏర్పడలేదు.

3. మార్పిడి యోగ్యత: సైన్యం అవసరం

విరిగిన తుపాకిని యుద్ధరంగంలోనే బాగుచేసుకోవాలన్న కోరిక ఈ స్థితిని మార్చింది. ఫ్రాన్సులో ఒనోరే బ్లాంక్ కలగలిపిన భాగాలతో లాక్‌లను కూర్చి చూపగా, అప్పుడు అక్కడ రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ 1785లో ఆ సంగతిని స్వదేశానికి వ్రాశాడు. 1798లో ఎలై విట్నీ 10,000 మస్కెట్లకు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొన్నాడు. మార్పిడి యోగ్యతకు ఆద్యుడిగా ఆయనకు కీర్తి దక్కింది. కాని ఆయన తుపాకుల భాగాలు నిజానికి ఒకదానికొకటి సరిపోవని 20వ శతాబ్దపు చరిత్రకారులు నిరూపించారు.

ఆ ఘనత అధికంగా చెందవలసింది హార్పర్స్ ఫెరీలో పనిచేసిన జాన్ హాల్‌కు. ఆయన రైఫిల్ భాగాలు ఒకదాని స్థానంలో మరొకటి ఇముడుతాయని 1827 నాటి పరిశీలక సంఘం ధ్రువీకరించింది. థామస్ బ్లాంచర్డ్ 1819-20 ప్రాంతంలో రూపొందించిన లేత్ యంత్రం, నమూనాను అనుసరిస్తూ వంకర టింకరగా ఉండే స్టాక్ కర్రను చెక్కగలిగింది. 1842 నమూనా మస్కెట్ నాటికి రెండు ప్రభుత్వ ఆయుధాగారాలలోనూ పూర్తి మార్పిడి యోగ్యత సాధ్యమయింది. ఈ కృషి అంతటి లక్ష్యం ఏకరూపతే. వ్యక్తి అభిరుచికి అందులో చోటు లేదు.

4. మార్చిన సైనిక రైఫిల్

4.1 రూజ్వెల్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్

అమెరికా సైన్యం 1903లో స్వీకరించిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ జర్మన్ మౌజర్ నమూనాకు ఎంత దగ్గరగా ఉన్నదంటే, మౌజర్ సంస్థకు ప్రభుత్వం పేటెంటు రుసుము చెల్లించవలసి వచ్చింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ఆ రైఫిల్‌ను వేటకు అనువుగా మార్పించుకొన్నాడు. 1909-10 ఆఫ్రికా యాత్రలో దానిని వాడి, స్టాకునూ సైట్లనూ తనకు తగినట్లు చేయించుకొన్నట్లు తన యాత్రాగ్రంథంలో పేర్కొన్నాడు. సైన్యానికి చెందిన ఒకే అచ్చు తుపాకి, పైన వ్యక్తి ముద్ర అనే నమూనాకు ఇది ప్రసిద్ధ ఉదాహరణ.

1923లో న్యూయార్క్‌లో ఫర్నిచర్ పనివాడైన సేమూర్ గ్రిఫిన్, జేమ్స్ హోవ్ కలిసి స్థాపించిన గ్రిఫిన్ అండ్ హోవ్ సంస్థ ఇటువంటి పనికి పేరుపొందింది. రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే 1930లో ఆ సంస్థ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ కొన్నాడు. గురిచూసే సైట్లకు లైమన్, స్కోపులకు వీవర్ వంటి పేర్లు వేటగాళ్ళలో వాడుకలోకి వచ్చాయి.

4.2 యుద్ధానంతర మౌజర్లు

రెండవ ప్రపంచయుద్ధం తరువాత మిగులు సైనిక తుపాకులు చవకగా లభించాయి. ధనికుల అభిరుచి అప్పుడు సామాన్యుని ఇంటి షెడ్డులోకి దిగింది. మౌజర్ 98 రైఫిల్‌ను వేట రైఫిల్‌గా మార్చడంలోని క్రమం గమనార్హం. స్కోపు బిగించాలంటే రిసీవర్‌కు రంధ్రాలు తొలచి మరలు తీయాలి. స్కోపు బిగించాక బోల్ట్ పిడి పైకెత్తినపుడు దానికి తగులుతుంది కనుక పిడిని వంచాలి లేదా కోసి మళ్ళీ అతకాలి. బోల్ట్ వెనుక నిలువుగా లేచే సేఫ్టీ రెక్క కూడా అడ్డువస్తుంది కనుక దానినీ మార్చాలి. ఆపైన ట్రిగ్గర్, చివరకు స్టాక్. ఒక మార్పు మరొక మార్పును కోరింది, ప్రతి కోరికకూ ఒక వ్యాపారం వెలసింది. మిస్సోరి రాష్ట్రంలోని వార్సా అనే చిన్న ఊరిలో బిషప్, ఫాయెన్ అనే రెండు సంస్థలు సగం చెక్కిన స్టాకులను దేశమంతటికీ పంపేవి. మిగిలిన సగం పని యజమాని చేసుకొనేవాడు. ‘నేనే చేశాను’ అని చూపుకోవడానికి ఆ సగమే ఆధారం.

ఈ అభిరుచికి ఒక నష్టం కూడా ఉంది. ఆనాడు కోసి, తొలిచి మార్చిన తుపాకుల కంటే మార్పు ఎరుగని సైనిక తుపాకులకే నేడు సేకర్తల దగ్గర ఎక్కువ విలువ.

5. ‘తుపాకి’ అంటే ఏది? 1968 చట్టం

1963 నవంబరులో అధ్యక్షుడు కెనెడీ హత్యకు వాడినది ఇటలీ సైన్యపు మిగులు కార్కానో రైఫిల్ అని, దానిని స్కోపు బిగించి ఉండగా షికాగోలోని దుకాణం నుంచి మారుపేరుతో తపాలా ద్వారా తెప్పించారని వారెన్ కమిషన్ నిర్ధారించింది. తదనంతర చర్చల ఫలితంగా వచ్చిన 1968 తుపాకుల నియంత్రణ చట్టం సాధారణ పౌరులకు తపాలా విక్రయాలను, మిగులు సైనిక తుపాకుల దిగుమతిని అరికట్టింది.

ఈ చట్టంలోని ఒక నిర్వచనం అంతకంటె దీర్ఘమైన ప్రభావం చూపింది. 1938 నాటి చట్టం ప్రకారం తుపాకిలోని ఏ భాగమైనా తుపాకిగానే లెక్క. ప్రతి చిన్న భాగాన్నీ నియంత్రించడం ఆచరణ సాధ్యం కాదని భావించి, 1968 చట్టం ఫ్రేమ్ లేదా రిసీవర్‌ను మాత్రమే తుపాకితో సమానం చేసింది. దానితో ఆ ఒక్క భాగాన్ని నియంత్రిస్తే, గొట్టం, స్టాక్, ట్రిగ్గర్ వంటివి సాధారణ సరుకులుగా చేతులు మారగలిగాయి.

భారతదేశంలో స్థితి ఇందుకు భిన్నం. 1959 ఆయుధ చట్టం ‘ఆయుధాలు’ అన్న పదంలోనే వాటి భాగాలనూ తయారీ యంత్రాలనూ చేర్చింది. అందువల్ల తెలుగునాట లైసెన్సు రైఫిల్ గలవారికి కూడా విడిభాగాలతో తుపాకి కూర్చుకొనే అభిరుచి సాధ్యమయ్యేది కాదు.

6. భాగాలుగా కొన్న రైఫిల్

ఆర్మలైట్ సంస్థలో యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-15లో అల్యూమినియం రిసీవర్ రెండు ముక్కలుగా ఉండి రెండు పిన్నులతో కలుస్తుంది. 1959లో కోల్ట్ సంస్థ దాని హక్కులు పొంది, 1964లో పౌరుల నమూనాను విపణిలోకి తెచ్చింది. 1977లో ప్రధాన పేటెంటు గడువు తీరగా ఇతర తయారీదారులు కూడా ప్రవేశించారు. కొలతలు సైనిక ప్రమాణానికి లోబడి ఉన్నందున ఒకరి గొట్టం మరొకరి రిసీవర్‌లో ఇమిడింది. మౌజర్ కోరిన తొలచడం, అతకడం ఇక్కడ అవసరం లేకపోయింది.

1995లో సైన్యం పికటిన్నీ రైలుకు ప్రమాణం నిర్ణయించింది. సమాన దూరంలో గాట్లు గల ఆ పట్టాపై స్కోపు, దీపం, పిడి ఏవైనా బిగించవచ్చు. 1999లో మాజీ మెరైన్ సైనికుడు స్థాపించిన మ్యాగ్‌పుల్ సంస్థ 2014లో ఎమ్-లాక్ అనే గాడి పద్ధతిని ప్రవేశపెట్టింది. సైనిక ప్రమాణమే పౌరుని అలంకరణకు ఆధారమయింది. చూపుకోవడం స్వభావం కూడా మారింది. డికర్ట్ కాలంలో పనివాని పేరు చూపేవారు. మౌజర్ కాలంలో తమ చేతిపనిని చూపేవారు. ఇప్పుడు చూపేది ఎంపికను: ఏ గొట్టం, ఏ ట్రిగ్గర్, ఏ స్టాక్, ఎందుకు అనే జాబితాను.

ఈ విపణి వెంట చట్టం పరుగెత్తుతూనే ఉంది. 1994 నుంచి 2004 వరకు అమలైన నిషేధం మడతపడే స్టాక్, పిస్టల్ పిడి, బయొనెట్ బిగింపు వంటి లక్షణాలను లెక్కపెట్టింది. తయారీదారులు బయొనెట్ బిగింపునూ గొట్టం చివరి మంట అణచే భాగాన్నీ తొలగించి అమ్మకాలు సాగించారు. 2017లో లాస్ వేగాస్ సామూహిక హత్యలలో బంప్ స్టాక్ అనే విడిభాగం వాడబడింది. వేలు ఒకచోట నిలిచి ఉండగా తుపాకి ముందువెనుకలకు కదిలి వేగంగా పేలేందుకు అది తోడ్పడుతుంది. ప్రభుత్వం దానిని మెషిన్‌గన్‌గా పరిగణించి నిషేధించగా, 2024లో సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యంతో ఆ నియమాన్ని కొట్టివేసింది. అసంపూర్ణ రిసీవర్లూ కూర్పు కిట్లూ తుపాకులే అన్న 2022 నియమాన్ని మాత్రం 2025 మార్చిలో 7-2 ఆధిక్యంతో సమర్థించింది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. పనివాని చేతి రైఫిల్‌లో వైవిధ్యం ఉన్నా విడిభాగాల విపణి లేదు. ఏకరూపత సాధించిన తరువాతే వైవిధ్యం సరుకుగా మారింది.

2. సైన్యం మిగులు తుపాకులను, ప్రమాణాలను అందించగా పౌరుల అభిరుచి వాటిపై పెరిగింది.

3. 1938లో ప్రతి భాగమూ తుపాకి, 1968 నుంచి ఒక భాగమే తుపాకి. ఈ నిర్వచన భేదం విపణి విస్తృతికి ముఖ్య కారణాలలో ఒకటి.

4. రైఫిల్ ఒక వస్తువుగా ఉన్నంతకాలం చట్టానికి అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. అది భాగాల సమాహారం అయిన తరువాత, అది ఏ భాగంతో తుపాకి అవుతుందన్నది కూడా ప్రశ్న అయింది. లాస్ వేగాస్ తరువాత ఆ ప్రశ్న అభిరుచిపరుల మాటామంతీని దాటి మనుషుల ప్రాణాలకు సంబంధించినదిగా న్యాయస్థానాల ముందు నిలిచింది.