అమ్మ పేరున మందుల చీటీ

రాజమండ్రిలో ఒక ఆసుపత్రి వరండాలో నిలబడి మా అమ్మ మూత్రం కల్చర్ రిపోర్టు చదివాను. ఎడమపక్క మందుల పేర్లు, కుడిపక్క ఒక్కో అక్షరం. 'ఎస్' అంటే ఆ మందుకి క్రిమి లొంగుతుందని, 'ఆర్' అంటే లొంగదని. పైనుంచి కిందిదాకా దాదాపు అన్నీ 'ఆర్'లే. మిగిలిన రెండు 'ఎస్'లూ సూదిమందులు. "సగంలో మానేస్తారమ్మా మీ ఆడవాళ్ళు. చదువుకున్నారు, మీరైనా చెప్పొద్దూ" అన్నాడు డాక్టరు. తల దించుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట మింగుడుపడలేదు.

అమ్మ వంటింటి అలమరలో ఒక పాత హార్లిక్స్ సీసా ఉండేది. నాన్న పంటినొప్పికి వాడగా మిగిలిన గొట్టాలు, తమ్ముడి దగ్గుకి తెచ్చిన బిళ్ళలు అందులోకి చేరేవి. అమ్మ కోసం కొన్నవి మాత్రం ఒక్కటీ ఉండేవి కావు. ఊడ్పుల రోజుల్లో పొద్దున్నే చేలోకి దిగితే చీకటిపడేదాకా మరుగుకి వెళ్ళే చాటు ఉండదు. అందుకని నీళ్ళు తాగడమే మానేసేది. మంట మొదలైతే మగ డాక్టరుకి చెప్పుకోలేక సీసా మూత తీసేది. రెండు రోజులు గొట్టాలు మింగి, కాస్త తగ్గగానే మిగిలినవి మళ్ళీ సీసాలో వేసేది. బియ్యపుగింజ పారబొయ్యని మనిషి డబ్బుపెట్టి కొన్న గొట్టం పారేస్తుందా? ఇంటికి పొదుపు నేర్పిన చెయ్యే మందునీ పొదుపు చేసింది.

ఈ మందుల చరిత్రలో మా డెల్టాకీ చోటుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. 1922లో అమెరికా వెళ్ళి, 1948 ఆగస్టులో చనిపోయేదాకా తిరిగి రాలేదు. ఆయన పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ నుంచి వచ్చిన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. 1948లోనే లోకానికి ప్రకటించారు.

నేను చదివిన పాఠాల్లో ఇదంతా ఉంది. ఆయన భార్య శేషగిరి పేరు లేదు. 1919లో వాళ్ళ పెళ్ళయింది. ఆయన సముద్రాల అవతల ఉండగా వాళ్ళ కొడుకు ఏడాది నిండకుండానే ఎరిసిపెలస్ అనే చర్మవ్యాధితో పోయాడు. స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల వచ్చే ఆ జబ్బు తర్వాతి కాలంలో పెన్సిలిన్‌కి లొంగిపోయింది. యాంటీబయాటిక్ లేని రోజులు ఎలా ఉండేవో తెలియాలంటే నేను ఆ ఖాళీ ఒడినే తలుచుకుంటాను. కల్చర్ రిపోర్టులో వరసగా 'ఆర్'లు చూసినప్పుడు, మనం మళ్ళీ ఆ రోజుల వైపే నడుస్తున్నామా అనిపించింది.

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలో ఒక ఊహాకథ చెప్పాడు. గొంతునొప్పి వచ్చిన ఒకాయన తనంతట తానే చాలీచాలని పెన్సిలిన్ వేసుకుంటాడు. చావకుండా మందుకి రాటుదేలిన క్రిములు భార్యకి అంటుకుంటాయి. ఆమెకి న్యుమోనియా వస్తే మందు పనిచెయ్యక చనిపోతుంది. బాధ్యత భర్తదేనని ఆయన తీర్పు. మా ఇంట్లో చాలీచాలని మందు వేసుకున్నదీ, జబ్బుతో పడుకున్నదీ అమ్మే. ఆ చాలీచాలనితనం ఎవరు నిర్ణయించారని మాత్రం ఎవరూ అడగలేదు.

"ఒంటికి మందు అలవాటైపోయిందే" అంటుంది అమ్మ. అలవాటు పడేది ఒళ్ళు కాదు, క్రిమి. ఈ తేడా అమ్మకే కాదు, మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోనూ తెలియదు. జలుబు చేస్తే చాలు, పీహెచ్‌డీలున్న మేమే అజిత్రోమైసిన్ కొనుక్కుంటాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానిమీద ఆ బిళ్ళ పనిచెయ్యదు. మరి "మీ ఆడవాళ్ళు" అన్న నింద పొలం పనులకి వెళ్ళే ఆడవాళ్ళ మీదే ఎందుకు పడుతుంది?

2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. ఆ జాబితాలోని యాంటీబయాటిక్స్ అమ్మితే షాపువాళ్ళు రోగి పేరు, డాక్టరు పేరు పుస్తకంలో రాయాలి. చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్రగీత గురించి 2016లో ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది. మంచివే. కానీ అమ్మకి చాటునీ, నోరు విప్పి చెప్పుకోగలిగే డాక్టరునీ ఎర్రగీత తెచ్చివ్వదు. ఎన్ని రోజులు వాడాలన్నది జబ్బుని బట్టి మారుతుంది, కొన్నిటికి తక్కువ రోజులే చాలని వైద్యులే ఇప్పుడు అంటున్నారు. అది చూసి చెప్పే మనిషి అందుబాటులో ఉండాలి కదా.

సుబ్బారావు పుట్టిన భీమవరం చుట్టూ ఇప్పుడు రొయ్యల చెరువులు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి వాటిలో వాడకూడదు. జాడ కనబడితే విదేశాలు సరుకు తిప్పి పంపుతాయి. అందుకని ఓడెక్కే రొయ్యకి ముందే పరీక్ష చేయిస్తారు. షెడ్డులో గంటల తరబడి నిలబడి ఆ రొయ్యని ఒలిచే ఆడవాళ్ళకి మూత్రంలో మంటొస్తే ఏ పరీక్ష చేయిస్తున్నాం? మా అమ్మకి మొదటి కల్చర్ పరీక్ష జరిగేటప్పటికి ఆమెకి అరవై దాటాయి.

సూదిమందులతో అమ్మ కోలుకుంది. ఇంటికొచ్చాక సీసా ఖాళీ చేసి, కడిగి ఎండలో బోర్లించి, మెంతులు పోసుకుంది. మూత బిగిస్తూ అంది: "ఈసారి మంటొస్తే దాచనులే. నా పేరున చీటీ రాయించవే."