సారా పోరాటం నుంచి పొదుపు దాకా: మన జిల్లా తల్లుల చరిత్ర



మన పొదుపు సంఘాలు ఎట్టా పుట్టాయి అని కొత్తగా చేరిన ఆడపిల్లలు అడుగుతుంటారు. బ్యాంకు వాళ్లు పెట్టారని కొందరు, గవర్నమెంటు స్కీము అని కొందరు అనుకుంటారు. కానీ మన నెల్లూరు జిల్లాలో పొదుపు వెనక పిలకాయలకి కడుపునిండా కూడు పెట్టలేకపోయిన తల్లుల కోపం ఉంది. దాన్ని అందరూ సారా వ్యతిరేక ఉద్యమం అంటారు. నేను దాన్ని తల్లుల ఉద్యమం అంటాను. ఎందుకు అంటున్నానో చెబుతాను.

పెట్టాల్సింది తల్లి, డబ్బు మాత్రం ఆమె చేతిలో లేదు

అప్పట్లో సారా అమ్మే హక్కుని ప్రభుత్వమే వేలంపాట పెట్టి కంట్రాక్టర్లకి ఇచ్చేది. సారా ప్యాకెట్లలో కట్టి ఊరూరా చేర్చేవాళ్లు. బియ్యం కోసం నడవాలి, నీళ్ల కోసం నడవాలి, సారా మాత్రం గడప ముందుకే వచ్చేది. 1991-92లో రాష్ట్రానికి ఎక్సైజు మీద వచ్చిన రాబడి సుమారు 800 కోట్లు. అందులో మన కూలి డబ్బులు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క రాయలేదు.

మెట్ట ఊళ్లలో పొలం కూలి, మన సముద్రం పక్క ఊళ్లలో వేట వాటా, రెండూ ఇంటికి రాకముందే సగం కరిగిపోయేవి. ఆడవాళ్లు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పై ఊళ్లు తిరిగి అమ్ముకొచ్చిన డబ్బుకి కూడా ఇంట్లో చెయ్యి చాచేవాళ్లు ఉండేవాళ్లు. పిలకాయలు ఆకలికి ఏడిస్తే మాత్రం మగాణ్ణి అడిగేవాళ్లు లేరు. "తల్లివి, ఆ మాత్రం చూసుకోలేవా" అని ఆడదాన్నే అనేవాళ్లు. బాధ్యత అంతా ఆమెది, డబ్బు మీద మాట ఆమెది కాదు. ఒక్కొక్క తల్లీ ఇది తన రాత అనుకుని, బయట చెబితే సిగ్గు అని నోరు మూసుకుని బతికింది.

రాత్రి బడిలో విప్పిన నోరు

1991 జనవరిలో మన జిల్లాలో అక్షర దీపం పేరుతో అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. పగలు పని చేసుకుని రాత్రిపూట లాంతరు దగ్గర కూర్చుని ఆడవాళ్లు చదువుకున్నారు. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల చితికిపోయిన ఇంటి కథ అది. అక్షరాలు నేర్చుకోవడానికి పెట్టిన పాఠమే అయినా, చదివిన వాళ్లు ఇది మా ఇంటి కథే కదా అనుకున్నారు. పక్కన కూర్చున్న ఆమె కూడా అదే మాట అంది. నా ఒక్కదాని రాత కాదు, ఊరందరిదీ ఇదే అని అక్కడ తెలిసింది.

కలిగిరి మండలం దూబగుంటలో తాగి చెరువులో పడి మనుషులు చనిపోయాక, ఆడవాళ్లంతా ఒక్కటై ఊళ్లోకి సారా రానివ్వలేదు. వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది. తర్వాత ఆమెని అందరూ దూబగుంట రోశమ్మ అనే పిలిచారు. ఆ ఊరి కథని తర్వాతి చదువు పుస్తకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా వేశారు. అది చదివి మిగతా ఊళ్ల వాళ్లు కూడా, వాళ్లు చేయగా లేంది మనం చేయలేమా అని లేచారు.

1992లో అది జిల్లా అంతా పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దుకాణాలకి అడ్డం పడ్డారు. ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టారు. నెల్లూరులో సారా వేలంపాట జరగనివ్వలేదు. పలుమార్లు వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి 1993 ఏప్రిల్ 15 నుంచి మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

వాళ్లలో చాలామందికి అది వరకు మీటింగు అంటే ఏమిటో తెలియదు. చంకలో బిడ్డని ఎత్తుకునే వచ్చారు. వాళ్లు అడిగింది కూలి డబ్బు ఇంటికి రావాలి, ఇంట్లో కొట్టుడు ఆగాలి, పిలకాయలు తినాలి, చదువుకోవాలి అని. అందుకే ఇది తల్లుల ఉద్యమం అంటున్నాను.

రోజుకి ఒక్క రూపాయి

సారా పోయాక ఇంట్లో మిగిలిన డబ్బుని దాచుకోవాలి అన్న ఆలోచనతో పొదుపు లక్ష్మి వచ్చింది. రోజుకి రూపాయి, నెలకి ముప్ఫై. ఇప్పుడు మనకి అది చిన్న మొత్తం. అప్పుడు మాత్రం, బిడ్డకి జ్వరం వస్తే వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా సంఘంలో అడగొచ్చు అనే ధైర్యం అది.

1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలించారు. మందు మళ్లీ వచ్చింది. అంటే ఆ పోరాటం ఓడిపోయినట్టా అని కొందరు అంటారు. నేను అట్టా అనుకోను. మందు తిరిగి వచ్చింది గానీ, ఆడవాళ్లు మళ్లీ ఒంటరి కాలేదు. సంఘం నిలిచింది. గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య దాకా పెరిగింది. రోశమ్మ 2016లో కన్నుమూసింది. మనం నెలనెలా సంతకం పెట్టే పొదుపు పుస్తకంలో ఆమె తరం వాళ్ల కష్టం ఉంది.

ఇంకా తీరని లెక్కలు

తల్లి మీద మాత్రమే భారం వేసే అలవాటు ఇంకా పోలేదు. మూడు సంగతులు చెబుతాను.

ఒకటి, ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో వందకి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ వందకి ఒకటి కూడా లేదు. మగాళ్లకి చేసేది చిన్న ఆపరేషన్, అయినా ఆ మాట ఎత్తితే ఇంట్లో నవ్వుతారు. కనేదీ తల్లే, కోయించుకునేదీ తల్లే.

రెండు, పదవి. 1994 పంచాయతీ రాజ్ చట్టం ఆడవాళ్లకి మూడో వంతు సీట్లు ఇచ్చింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదని కూడా అదే చట్టం చెప్పింది. మగపిల్లవాడు పుట్టేదాకా కనమని అత్తింటి వాళ్లు పోరుతుంటే, మూడో కాన్పు వద్దు అనే మాట ఎంతమంది కోడళ్లు చెప్పగలిగారు? నిర్ణయం ఇంటిల్లిపాదిదీ, అనర్హత మాత్రం ఆమెకి కూడా. ఆ నిబంధన తీసేయడానికి 2024 దాకా పట్టింది.

మూడు, బిడ్డలు లేని ఆడవాళ్లు. అమ్మని దేవత అంటాం. బిడ్డ పుట్టని ఆమెని సీమంతానికి పిలవం. వైద్య పరీక్ష ఇద్దరికీ చేయించాలి అనేది పక్కన పెట్టి, గొడ్రాలు అనే మాట ఆమెకే అంటిస్తాం. అక్క పిల్లల్ని పెంచిన వాళ్లు, సవతి పిల్లల్ని సాకిన వాళ్లు, మొగుడు పోయాక ఒంటిచేత్తో పిలకాయల్ని నిలబెట్టిన వాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్లందరిదీ తల్లి చాకిరీయే.

ఒక మంచి మార్పు కూడా చెప్పాలి. 2020లో వచ్చిన అమ్మ ఒడి పిల్లల చదువు డబ్బు తల్లి ఖాతాలో వేసింది, 2025లో వచ్చిన తల్లికి వందనం కూడా అట్టాగే వేసింది. 1992లో రోడ్డెక్కిన తల్లులు కోరుకున్నది ఇదే, బిడ్డ కోసం వచ్చే డబ్బు తల్లి చేతికి రావడం. కానీ ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందో కూడా చూసుకోవాలి. మన తీరం ఊళ్లలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. దానికి వచ్చే భృతి పడవ మీద వేటకి పోయే వాళ్ల పేరున వస్తుంది. చేపలు అమ్ముకునే తల్లికి కూడా ఆ రెండు నెలలు తట్ట ఖాళీయే. ఆమె పేరు ఆ లిస్టులో ఉండదు.

అందుకని ఈ ఏడాది ప్రతి సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాను. మగవాళ్ల ఆపరేషన్ గురించి ఆశా కార్యకర్తని పిలిచి, మొగుడూ పెళ్లాం ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పించాలి. గొడ్రాలు అనే మాట మన మీటింగుల్లో వినపడకూడదని, శుభకార్యాలకి అందరినీ పిలవాలని తీర్మానం రాయాలి. చేపలు అమ్మే ఆడవాళ్ల పేర్లు ఊరి వారీగా రాసి, వేట నిషేధ సాయంలో మమ్మల్నీ లెక్కించండి అని మండల సమాఖ్య ద్వారా అర్జీ పెట్టాలి. అర్జీ రాయడానికి ఇప్పుడు మనలో చదువుకున్నవాళ్లు ఉన్నారు. ఆనాడు లాంతరు దగ్గర కూర్చున్న తల్లులు ఓనమాల నుంచి మొదలుపెట్టి అంత పని చేశారు.