బిజో ఇమ్మాన్యుయేల్ కేసు

మతవిశ్వాసం హేతువుకు నిలుస్తుందా అన్నది కాక, దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే గీటురాయని భారత సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న తేల్చిన కేసు. కేరళలో పది, తొమ్మిది, అయిదు తరగతులు చదువుతున్న బిజో సహా ముగ్గురు తోబుట్టువులు యెహోవా సాక్షులనే క్రైస్తవ వర్గపు కుటుంబానికి చెందినవారు. బడిలో జాతీయగీతం మొదలవగానే మర్యాదగా లేచి నిలబడేవారు. గొంతు మాత్రం కలిపేవారు కాదు. యెహోవాకు చేసే ప్రార్థన తప్ప మరే ఆచారంలోనూ పాల్గొనరాదన్నది వారి నమ్మకం. 1985 జులై 26న వారిని బడినుంచి తొలగించారు. గీతంలోని పదాలను పరిశీలించిన హైకోర్టు, ఏ మతాన్నీ నొప్పించేది అందులో లేదంటూ వారి పిటిషన్‌ను కొట్టేసింది.

సుప్రీంకోర్టు ఈ పద్ధతినే తప్పుపట్టింది. నమ్మకం వింతగా తోచినా, న్యాయమూర్తుల సొంత అభిప్రాయాలకు అక్కడ చోటులేదని తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పులో రాశారు. ధర్మాసనంలోని రెండో న్యాయమూర్తి ఎం.ఎం. దత్. పాడకుండా నిలబడటం 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టం కింద నేరం కాదని, బహిష్కరణ రాజ్యాంగంలోని 19(1)(ఎ) (భావప్రకటన స్వేచ్ఛ), 25(1) (మతస్వేచ్ఛ) అధికరణాలకు విరుద్ధమని చెప్పి, పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ధర్మాసనం ఆదేశించింది. మతస్వేచ్ఛకున్న ఈ రక్షణ హద్దుల్లేనిదేమీ కాదు; శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుంది.