రెంటచింతల ఎండలో ట్రాన్సిస్టర్

కోటప్పకొండ తిరునాళ్లంటే కంటికి విద్యుత్ ప్రభలు, చెవికి మైకుసెట్లు. ప్రభల గురించి ఏటా రాస్తూనే ఉంటాం. ఆ హోరు వెనకున్న ఆంప్లిఫయర్‌కూ ఒక చరిత్ర ఉంది. పల్నాడులో అది ఎండతో ముడిపడిన చరిత్ర. వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో ముందు వినిపించే పేరు గురజాల పక్కనున్న రెంటచింతలదే మరి.

వాల్వు ఆంప్లిఫయర్‌కు ఎండ లెక్కలేదు. వాల్వు పనిచేసేదే వేడి మీద. కాకపోతే దానికి వందల వోల్టులు కావాలి. కరెంటు రాని ఊళ్లో అంత వోల్టేజీ పుట్టించడం పెద్ద తతంగం. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ పనిచేయించి చూపిన ట్రాన్సిస్టర్ ఈ చిక్కు విప్పింది. చిన్న మైకుసెట్టుకు 12 వోల్టుల బ్యాటరీ సరిపోయే రోజులొచ్చాయి.

తొలితరం పవర్ ట్రాన్సిస్టర్లు జెర్మేనియంతో చేసినవి. లోపలి వేడి 90, 100 డిగ్రీలకు చేరితే వాటి పని అయిపోయినట్టే. ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. ప్లస్ 25, మైనస్ 25 వోల్టుల సప్లయి మీద 8 ఓముల స్పీకరును నడిపితే, ఒక్కో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ గరిష్ఠంగా 8 వాట్ల వేడి వదులుతుంది. రెండూ కలిపి 16. వాటుకు 2 డిగ్రీలు పెరిగే హీట్ సింక్‌కు బిగిస్తే అది బయటి గాలికంటే 32 డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. బయట 25 ఉంటే 57. వైశాఖమాసపు పెళ్లిపందిట్లో 46 ఉంటే 78. ట్రాన్సిస్టర్ లోపల ఇంకో 15 డిగ్రీలు కలుపుకోవాలి. జెర్మేనియానికి ఇక ఊపిరాడదు.

1960ల తొలినాళ్లలో ఆర్‌సీఏ సంస్థ తెచ్చిన 2ఎన్3055 సిలికాన్‌ది. 200 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. నా దృష్టిలో మన ప్రాంతానికి సరిపడిన మొదటి ట్రాన్సిస్టర్ అదే. అది ఎన్‌పీఎన్ రకం; అప్పట్లో దానికి దీటుగా ఎదురు దిశలో పనిచేసే పీఎన్‌పీ జోడీ దొరకడం కష్టం. ఆ లోటుకు దారి ముందే సిద్ధంగా ఉంది: ఆర్‌సీఏలోనే పనిచేసిన హెచ్.సి. లిన్ 1956లో ప్రకటించిన సర్క్యూట్. చిన్న ట్రాన్సిస్టర్లను మాత్రమే జోడీగా పెట్టి, వాటి వెనక ఒకే రకం పెద్ద ట్రాన్సిస్టర్లు రెండింటితో బరువు మోయించడం అందులోని కిటుకు. మనదేశంలోనూ 1964లో ఢిల్లీ కేంద్రంగా కాంటినెంటల్ డివైస్ సంస్థ సిలికాన్ భాగాల తయారీకి పూనుకుంది.

సిలికాన్ వచ్చినా ఎండతో పేచీ పూర్తిగా తీరలేదు. ట్రాన్సిస్టర్ తెరుచుకోవాలంటే 0.6 వోల్టు కావాలి. అది ముందుగా అందకపోతే హరిదాసు మెల్లగా పలికిన మాట గరగరమంటుంది. అందుకే పాట లేనప్పుడు కూడా కొద్దిపాటి కరెంటు పారనిస్తారు. కానీ వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ అవసరం 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఇచ్చే వోల్టేజీని అలాగే ఉంచితే కరెంటు పెరుగుతుంది, కరెంటుతో వేడి, వేడితో మళ్లీ కరెంటు. చివరికి ట్రాన్సిస్టర్ మాడిపోతుంది. దీనికి మందు చవకైనదే: ఆ వోల్టేజీనిచ్చే డయోడ్లను హీట్ సింక్‌కే తాకించి బిగించాలి, ఎమిటర్‌లో 0.22 ఓముల రెసిస్టరు పెట్టాలి. డయోడ్లూ కాగి వోల్టేజీని తగ్గిస్తాయి.

ఇప్పుడు సొంతంగా ఒకటి కట్టాలనుకునే కుర్రవాడు నరసరావుపేటలో ఉన్నా, మాచర్లలో ఉన్నా, పుస్తకంలోని 25 డిగ్రీల లెక్కను పక్కన పెట్టి 50తో మొదలెట్టాలి. పెట్టె మూసి, గంటసేపు గట్టిగా మోగించాక ఆ కొద్దిపాటి కరెంటును మరోసారి కొలిచి సరిచేసుకోవాలి.