ఫైలు: ఒక రూపం, రెండు పుట్టుకలు

ఇంగ్లీషులో ‘ఫైలు’ అన్న మాటకు లోహాన్ని అరగదీసే పనిముట్టు, కాగితాల కట్ట, మనుషుల వరుస, కంప్యూటరులో దాచిన సమాచారం అనే అర్థాలున్నాయి. ద్విభాషా నిఘంటువు వీటన్నిటినీ ఒకే ఆరోపం కింద చేర్చితే, పనిముట్టు అర్థం నుంచే తక్కినవి పుట్టాయన్న భ్రమ కలుగుతుంది. పదచరిత్ర అందుకు సమ్మతించదు. ఇవి ఒక పదానికి నానార్థాలు కావు; రూపంలో కలిసిపోయిన రెండు వేర్వేరు పదాలు.

పనిముట్టు పేరు జర్మానిక్ భాషల సొత్తు. అది ప్రాచీనాంగ్లంలోనే ఉంది. జర్మన్‌లోని ‘ఫైలె’ దాని జ్ఞాతిపదం. కాగితాల ఫైలుకు మూలం దారం అనే అర్థంగల లాటిన్ ‘ఫీలుం’. ఫ్రెంచి మీదుగా అది 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. నాడు పత్రాలకు రంధ్రం చేసి దారానికో తీగకో గుచ్చేవారు. ఆ దారం పేరే క్రమంగా పత్రాల సముదాయానికి వచ్చింది. సైనికుల వరుసకు ఆ పేరు రావడానికీ, బల్బులోని ఫిలమెంటుకూ, ప్రొఫైలుకూ మూలం ఈ దారమే. 1956లో ఐబీఎం ప్రకటించిన ‘350’ అనే నిల్వ పరికరాన్ని డిస్కు ఫైలు అన్నారు. అప్పటికి అందులో గుచ్చడానికి కాగితమూ లేదు, దారమూ లేదు.

ఈ అర్థవిపరిణామం తెలుగువారికి కొత్త కాదు. తాటాకులకు రంధ్రం చేసి తాడు ఎక్కించి కట్టిన సంస్కృతిలో ‘గ్రంథం’ కూర్చి కట్టడాన్ని సూచించే ధాతువు నుంచి వచ్చింది. ‘సూత్రం’ అంటే మొదట దారమే. అయితే ఈ పోలిక వస్తుసామ్యం వల్ల ఏర్పడిందే తప్ప ఆదానం వల్ల కాదు. ఆకురాయిలోని ‘ఆకు’ను రూపసామ్యం ఒక్కటే చూసి తాటాకుతో ముడిపెట్టడం కూడా ఇటువంటి తొందరపాటే.

తెలుగు వ్యవహారంలో ఆకురాయికీ, పారసీక మూలం గల దస్త్రానికీ ఎన్నడూ కలత లేదు. కలత ఆదానంతో వచ్చింది. కచేరీలో ‘ఫైలు కదలలేదు’ అన్నప్పటిదీ, న్యాయస్థానంలో ‘కేసు ఫైలు చేశారు’ అన్నప్పటిదీ లాటిన్ దారం. ఐటీఐలో ఫిట్టరు విద్యార్థి ఇనుపముక్క మీద ఆడించే ఫైలు జర్మానిక్ పనిముట్టు. ఇంగ్లీషులో కలిసిపోయిన రెండు పదాలు తెలుగులోకీ ఒకే రూపంతో, వేర్వేరు వృత్తుల వెంట వచ్చాయి. నిఘంటువులో వీటికి రెండు ఆరోపాలుండాలి.