శిలాఫలకం లేని ధర్మకర్తలు

గుళ్లో ట్యూబ్‌లైటు ఇచ్చిన దాత, తన పేరును ఆ లైటు మీదే పొడుగునా రాయించుకుంటే వెలుతురు సగం తగ్గిపోయిందన్న హాస్యం తెలుగు ఊళ్లలో పాతదే. తిరువూరు వైపూ అంతే. బడి వరండాకి, బస్సు షెల్టరుకి, చలివేంద్రానికి, శ్మశానం గేటుకి ఎవరో ఒకరి జ్ఞాపకార్థం ఒక పేరు అతుక్కుని ఉంటుంది. ధర్మం చేసినవాడు కనబడాలి, పుచ్చుకున్నవాడూ కనబడాలి. జిల్లా ఎడిషన్లో వచ్చే పండ్ల పంపిణీ ఫోటోలో ఇద్దరూ ఉంటారు.

కుర్రకారు మానసిక ఆరోగ్యం చూసే సంస్థలకు చిక్కు వచ్చింది ఈ రెండో షరతు దగ్గరే. వాటి ధర్మకర్తలకు చూపించుకోవడానికి ఏమీ మిగలదు. వచ్చిన పిల్ల పేరు చెప్పకూడదు. ఫోటో వేయకూడదు. ఫలానా వాళ్లమ్మాయి మా దగ్గరికే వచ్చి కోలుకుందని పెళ్లి భోజనాల దగ్గర పక్కవాడి చెవిలో కూడా ఊదకూడదు. రాతి మీద పేరు చెక్కించుకునే అలవాటున్న ప్రాంతంలోకి ఇలాంటి ధర్మకర్తృత్వం వచ్చి ఎన్నాళ్లో కాలేదు. అది వచ్చిన దారి మాత్రం చాలా పొడుగు.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో తిరువూరు కృష్ణా జిల్లాకు అంచు ఊరు, ఆవల నిజాం రాజ్యం. అప్పట్లో ధర్మకర్త అంటే గుడికి, సత్రానికి, చెరువుకి. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో నంబరు రెగ్యులేషన్ తెచ్చి గుళ్లు, సత్రాల మాన్యాలను రెవెన్యూ బోర్డు కనుసన్నల్లో పెట్టింది. క్రైస్తవ ప్రభుత్వం హిందూ గుళ్ల లెక్కలు చూడటమేమిటని మిషనరీలు గోల పెట్టాక, 1863 చట్టంతో ఆ బరువు దించుకుని స్థానిక కమిటీలకు, ధర్మకర్తలకు అప్పజెప్పింది. ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. దేవుడి మాన్యం ఎక్కడ ఆగిందో, ధర్మకర్త గారి పొలం ఎక్కడ మొదలైందో కరణానికే తెలియాలి. చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సుల మీద 1987లో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. వంశం పోయి నామినేషన్ వచ్చింది. అందుకే ఈనాటికీ ట్రస్టు బోర్డు అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది పదవుల పందేరమే.

అయితే గుడి బయట రెండు భిన్నమైన దారులు అప్పటికే పడ్డాయి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఏ కమిటీ లేకుండా, ఏ దస్తావేజు లేకుండా వచ్చినవాడికల్లా అన్నం పెట్టింది. ఆమె ఫోటో తీయించుకోవడానికి ఒప్పుకోలేదని, ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం కోసం అధికారులు బతిమాలి తీయించారని చెబుతారు. ఆమె దారి ఆమెతోనే ఆగింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అలా వదలలేదు. 1906లో హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తి దానికి రాసిచ్చేశారు. వితంతువులకు ఆశ్రయం, బడి, వాటిని నడిపే మనుషులు, ఆ మనుషులను కట్టడి చేసే నియమాలు, అన్నీ కాగితం మీద పెట్టారు. సీతమ్మది పెద్ద మనసు. పంతులుగారిది అనుమానపు మనసు. సంస్థలు నిలవాలంటే రెండోదే అక్కరకొస్తుంది.

కృష్ణా జిల్లా మాత్రం తన ధర్మబుద్ధినంతా చదువు మీద కుమ్మరించింది. బందరులో కోపల్లె హనుమంతరావు వకీలు వృత్తి వదిలి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టింది 1910లో. విజయవాడలో 1975లో దాతలు చందాలు వేసుకుని సిద్ధార్థ అకాడమీ కట్టారు. 1986లో విజయవాడలోనే ఒక చిన్న ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలైన శ్రీ చైతన్య దేశమంతా పాకింది. బళ్లకు ధర్మకర్తలు, హాస్టళ్లకు ధర్మకర్తలు, స్కాలర్‌షిప్పులకు ధర్మకర్తలు. పిల్లవాడు చదవడానికి కావలసిన ప్రతి ఇటుకకూ ఒక దాత దొరికాడు. ఆ పిల్లవాడు రాత్రిపూట హాస్టల్ మేడ మీద ఒంటరిగా కూర్చుని ఏడిస్తే అడిగేవాడి కోసం మాత్రం ఎవరూ చందా పుస్తకం తెరవలేదు.

మరి ఆ పిల్లలు ఎవరితో చెప్పుకున్నారు? ఉత్తరాలు రాశారు. తిరువూరుకు పొరుగునున్న నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాల తరబడి నడిపారు. వంటలు, అల్లికలు, పుస్తకాల మధ్య నుంచి అసలు ప్రశ్నలు వచ్చేవి: చదువు మాన్పించారు, ఇష్టంలేని సంబంధం, ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి. మగపిల్లల భయాలు చాలామట్టుకు డాక్టర్ సమరం శీర్షికలకు వెళ్లేవి. పక్కింటివాడికి తెలిస్తే పరువు పోతుందనుకున్న ప్రశ్నకు లక్షల మంది చదివే పత్రికలో జవాబు వచ్చేది, అడిగింది ఎవరో ఎవరికీ తెలియకుండానే. తెలుగు యువతకు తొలి హెల్ప్‌లైను అదేనంటే అతిశయోక్తి కాదు. కానీ ఉత్తరానికి జవాబు అచ్చయ్యేసరికి వారాలు పట్టేది. ఆ శీర్షిక వెనుక ఒక మనిషి ఉన్నారే గాని ఒక మండలి లేదు.

సమరం ఇంట్లోనే ఆ మండలి కూడా పుట్టింది. ఆయన తండ్రి గోరా, నాస్తికుడన్న కారణంతో కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో విజయవాడకు మార్చారు. ఎవరికైనా ‘గాలి సోకింది’ అంటే భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే రోజుల్లో, గర్భిణిగా ఉండి గ్రహణం చూసి చూపించిన సరస్వతీ గోరా ఆ ఇంటి ఇల్లాలు. 1969లో ఆ కుటుంబం నుంచే వాసవ్య మహిళా మండలి వచ్చింది. విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు ఎన్నికైన వాళ్లమ్మాయి చెన్నుపాటి విద్య దాన్ని ఏళ్ల తరబడి నడిపించారు. కుటుంబ సలహా కేంద్రంలో కూర్చోబెట్టి మాట వినడం అక్కడ ఒక పనిగా, జీతం ఉన్న పనిగా మారింది. 1989లో డాన్ బాస్కో ఫాదర్లు మొదలుపెట్టిన నవజీవన్ బాలభవన్, ఇల్లు వదిలి రైలెక్కి విజయవాడ స్టేషన్‌లో దిగిన పిల్లల్ని చేరదీసింది. జిల్లాలో పిల్లల మనసు గురించి పట్టించుకున్న సంస్థల పేర్లు చెప్పమంటే ఒకటి నాస్తికులది, ఇంకోటి పాదరీలది తేలడం తమాషాగానే ఉంటుంది.

డాక్టరు కాని మనిషి వింటే ఏం ఒరుగుతుంది? ఈ సందేహానికి జవాబు లండన్‌లో దొరికింది. చాడ్ వారా అనే పాదరీ తన ఉద్యోగం తొలిరోజుల్లో, 1935లో, ఒక పధ్నాలుగేళ్ల పిల్ల అంత్యక్రియలు చేయాల్సి వచ్చింది. ముట్టయితే అదేదో పాడు రోగమనుకుని ప్రాణం తీసుకున్న పిల్ల. అడగడానికి మనిషి లేక పోయిన ప్రాణమది. 1953 నవంబరులో ఆయన సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఫోను పెట్టి సమారిటన్స్ సంస్థ మొదలుపెట్టారు. జనం వరస కట్టారు. వేచి ఉన్నవాళ్లకు టీ అందించడానికి కొందరు మామూలు మనుషులు వచ్చి కూర్చునేవారు. కొన్ని వారాలకు వారాకు ఒక సంగతి బోధపడింది: ఆ టీ ఇచ్చేవాళ్లతో మాట్లాడి చాలామంది తన గది దాకా రాకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. 1954 ఫిబ్రవరిలో వినే పనంతా వాలంటీర్లకే ఒప్పజెప్పి, వాళ్లను ఎంచడం, నడపడం వరకే తను ఉంచుకున్నారు. ఇలాంటి సంస్థల్లో ధర్మకర్త పని ఏమిటన్నది ఆ రోజే తేలిపోయిందనుకోవచ్చు.

ఆ పద్ధతి మన వైపు చెన్నై మీదుగా వచ్చింది. 1986లో సైకియాట్రిస్టు లక్ష్మీ విజయకుమార్ అక్కడ ‘స్నేహ’ స్థాపించారు. పరీక్ష ఫలితాల రోజుల్లో ఫోన్లు ఎందుకు పెరుగుతున్నాయో గమనించి, ఫెయిలైన పిల్లలు ఏడాది వృథా కాకుండా వెంటనే మళ్లీ రాసుకునే వీలు కల్పించాలని తమిళనాడు ప్రభుత్వం వెంట పడ్డారు. ఆ వీలు వచ్చింది. ఒక్కో ఫోనూ రహస్యమే, కానీ అన్ని ఫోన్లూ కలిసి చెప్పేది రహస్యం కాదు. ఎవరి పేరూ చెప్పకుండానే ఒక రాష్ట్రం పరీక్షల తీరు మార్చవచ్చని స్నేహ నిరూపించింది. హైదరాబాద్‌లో 1997లో రోష్ని ట్రస్టు మొదలైంది. అదే పద్ధతి: శిక్షణ పొందిన వాలంటీర్లు, సలహాలు దంచకపోవడం, మతం తేకపోవడం, పేరు అడగకపోవడం.

సర్కారు వారి సంగతి చెప్పుకోవాలంటే, పిచ్చాసుపత్రి దాకానే చాలాకాలం ఆగింది. తెలంగాణలో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని, కోస్తాలో విశాఖ ఆస్పత్రి పేరెత్తి వెక్కిరించడం ఇప్పటికీ పోలేదు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైతే అందులో మెదక్ ఒకటి, అది మనకు దక్కిన గౌరవమే. కానీ 2015–16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో లేవు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందన్న ఆ సర్వే లెక్క, మన పిల్లల్ని అడగకుండా తేల్చిన లెక్క.

ఈలోగా కాలేజీల్లో పిల్లలు పోతూనే ఉన్నారు. కారణాలు చూడమని 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. నివేదికలు రావడం, బీరువాలో చేరడం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. తిరువూరు నుంచి సరిహద్దు దాటితే వచ్చే పెనుబల్లి, సత్తుపల్లి పిల్లలు రాసిందీ ఆ పరీక్షే. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. ఆ ఏడాది అక్టోబరు 10న కేంద్రం టెలి మానస్ ఫోను సేవ తెచ్చింది. 14416కి ఏ వేళలోనైనా, తెలుగులోనైనా మాట్లాడవచ్చు.

అసలు మలుపు 2025 జులై 25న వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదు. హెల్ప్‌లైను నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా పెట్టాలి. వంద మంది కన్నా తక్కువ ఉన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. ఈ చివరి మాట తిరువూరులాంటి ఊళ్లకు ముఖ్యమైంది. ఆ బయటి మనిషి విజయవాడ నుంచే రావాలంటే రెండు గంటల బస్సు ప్రయాణం. ఊళ్లోనే ఒక ట్రస్టో సొసైటీయో ఉంటే తప్ప సాగదు.

పెట్టడం కష్టం కాదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీకి ఏడుగురు సభ్యులు చాలు. ట్రస్టయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు. రిటైరైన హెడ్మాస్టరు, మందుల షాపాయన, ఒక డాక్టరు, రోటరీలోనో లయన్స్‌లోనో తిరిగిన ఇద్దరు, ఒక వకీలు, ఒక టీచరమ్మ. మొదటి మీటింగు అయ్యాక టీ, బిస్కెట్లు, గ్రూపు ఫోటో. తంటా రెండో ఏడాది మొదలవుతుంది. మినిట్స్ బుక్కులో కోరం లేని సంతకాలు. చెక్కు మీద రెండో సంతకం పెట్టాల్సినాయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గర. లబ్ధిదారుల జాబితా, ఫోటోలు ఏవి అని అడిగే దాత. ఇవ్వలేమని చెప్పాల్సింది ధర్మకర్తే, ఎందుకంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23, 24 సెక్షన్లు ఆ గోప్యతను హక్కుగా చేశాయి. విదేశాల నుంచి మేనల్లుడు పంపే డబ్బుకు, అతను అక్కడి పౌరుడైతే, విదేశీ విరాళాల చట్టం అడ్డం వస్తుంది. 2020 సవరణతో అలాంటి డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే దిగాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఆస్పత్రికి మంచాలు కొంటే బిల్లు ఉంటుంది. వినడానికి ఒక మనిషిని పెట్టుకుంటే ఉండేది జీతమే, జీతానికి దాత దొరకడు.

వీటన్నిటి కంటే పెద్ద చిక్కు ఒకటుంది. చిన్న ఊళ్లో నలుగురు పెద్దమనుషుల్ని కూడగడితే అందులో ఒకాయనకు కాలేజీ ఉంటుంది, ఇంకొకాయన బావమరిది హాస్టల్ నడుపుతుంటాడు. చందాలో పెద్ద వాటా వాళ్లదే. కౌన్సెలర్ దగ్గరికి ఒకే హాస్టల్ నుంచి వరసగా ముగ్గురు పిల్లలు వచ్చారనుకోండి, ఆ సంగతి మండలి ముందు పెట్టాలా? పెడితే ఆ పిల్లలెవరో ఆ హాస్టల్ తాలూకు పెద్దమనిషి సాయంత్రానికల్లా కనుక్కుంటాడు. పెట్టకపోతే మండలి ఉండి ప్రయోజనం లేదు. దస్తావేజు రాసే రోజునే రెండు షరతులు చేర్చితే ఈ ఇరకాటం సగం తీరుతుంది: విద్యాసంస్థల్లో వాటా ఉన్నవాళ్లు చందా ఇవ్వవచ్చు గాని బోర్డులో కూర్చోకూడదు, కౌన్సెలర్ రిజిస్టరు ఏ ధర్మకర్తా తెరవకూడదు. మొదటి షరతు చదివి వినిపించగానే చందాల జాబితాలో పైనున్న పేర్లు ఒకటో రెండో తగ్గుతాయి. తగ్గినా సరే, ఆ షరతులు ఉండాల్సిందే.